అమ్మ ఎడమచేతి చెంచా

ఇంట్లో తినే నోళ్లు రెండు, వెండి చెంచాలు రెండు వందల పదకొండు. వచ్చినవాళ్లందరికీ మా ఆవిడ ఈ లెక్క అప్పజెబుతుంది. నవ్వేవాళ్లను నవ్వనీ. పాత స్టెర్లింగ్ వెండి చెంచా కాడ వెనక, ఎవరు ఎప్పుడు చేశారో చెప్పే ముద్రల్ని భూతద్దంతో చదువుతూ కూర్చుంటే నాకు ఆకలి కూడా గుర్తురాదు.

ఈ పిచ్చికి మూలం మా అమ్మ చెంచా. పాత చెంచాల కొనలు సాధారణంగా ఎడమవైపు అరుగుతాయి, కుడిచేతివాళ్ల లోకం కదా. అమ్మది ఎడమచేతి వాటం. ముప్పై ఏళ్లు పాలగిన్నె అంచులు గీకీ గీకీ మాకు మీగడ పెట్టిందేమో, ఆమె చెంచా కుడివైపు అరిగిపోయింది. ఆ వంకర కొన పెదవికి తగలడం నాకిప్పటికీ తెలుస్తూనే ఉంటుంది.

నా ఇరవయ్యో ఏట పాత సామాన్ల కొట్లో అమ్మ చెంచా మీది ముద్రలే ఉన్న చెంచాలు ఐదు దొరికాయి. అమ్మదానితో కలిపితే పూర్తి సెట్టు. కానీ అమ్మది వంకర. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు కదా, ఆమెకు చెప్పకుండా ఆరింటినీ కంసాలికిచ్చి, కొనలన్నీ ఒకే కొలతకు అరగదీయించి, మెరుగు పెట్టించి తెచ్చాను. మెచ్చుకుంటుందని బల్లమీద వరసగా పేర్చాను.

అమ్మ చాలాసేపు చూసింది.

“బాగున్నాయిరా. ఇందులో నాది ఏది?”

ఒక్కొక్కటీ తిప్పి చూశాను. నాకు తెలియలేదు. అమ్మ చేతికందిన చెంచా తీసుకుని, ఇదే అనుకుందాంలే అని వంటింట్లోకి వెళ్లిపోయింది. మళ్లీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. తిట్టినా బాగుండేది.

నిన్న మా అమ్మాయి పాపను తీసుకుని వచ్చింది. పాప ఈమధ్యే మెత్తటి అన్నం తినడం మొదలుపెట్టింది. తన నానమ్మ, అంటే మా అమ్మ, చెంచా ఇస్తే దాంతోనే తినిపిస్తానంది అమ్మాయి. ఇన్నేళ్లలో ఎవరికీ ఒక్క చెంచా ఇచ్చిన పాపాన పోలేదు నేను. లేచి వెళ్లి ఆ ఆరూ తెచ్చి ఆమె ముందు పెట్టాను. ఒక్కటి చాలంది.

“నానమ్మది ఏదో నాకు తెలియదమ్మా. చేతులారా నేనే చెరిపేశాను. ఆరూ తీసుకెళ్లు. నేను ఒక్కటి ఉంచుకున్నా, అదే ఆవిడది కావచ్చు.”

ఈ సంగతి నేను ఎవరికైనా చెప్పడం ఇదే మొదలు. అమ్మాయి ఆరు చెంచాలూ కడిగి తెచ్చుకుని, పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఒక్కో చెంచాతో ఒక్కో ముద్ద తినిపించింది. నాలుగో ముద్దకే నాకు కళ్లు కనపడలేదు.