షార్కోకి ఒంట్లో బాగాలేదు

ఆ కుక్కపిల్లని మూలిగించింది నేనే. ఈ మాట ఇంకెవరి మీదకీ తోయను.

సెర్బియాలోని నీష్‌ ఊళ్ళో మా కంపెనీ చిన్నది, ఎనిమిది మందిమి. చక్కెర జబ్బున్నవాళ్ళు రోజూ పొద్దున్నే వేలు పొడుచుకుని, మీటరులో వచ్చిన అంకెను ఫోనులో నొక్కుతారు. వారానికోసారి ఆ అంకెలు డాక్టరుకి చేరతాయి. మా యాప్ పని అంతే. జనం మూడు వారాలు నొక్కి మానేస్తున్నారని దానిలో ఒక తోడును పెట్టాం. పేరు షార్కో, మచ్చల కుక్కపిల్ల. అంకె నొక్కితే తోక ఊపుతుంది, పాయింట్లు వస్తాయి. ఆ పాయింట్లతో దానికి బంతి, ఎముక, మెడపట్టీ కొనిపెట్టొచ్చు.

మాకు సలహాలిచ్చే నర్సు నెవెన మొదటి రోజే చెప్పింది.

"కొలుచుకున్నందుకు సంతోషించాలి గానీ అంకెని బట్టి కాదు, ఒగ్న్యెన్. ఎక్కువొచ్చినా దాన్ని తోక ఊపనీ."

"ఎప్పుడూ తోక ఊపే కుక్కని ఎవడు చూస్తాడు? రెండ్రోజుల్లో బోరు కొడుతుంది."

"వీళ్ళు జబ్బు మనుషులు. ఆడుకోడానికి రావట్లేదు."

"అబ్బబ్బ! నువ్వు ఆస్పత్రిని వదిలేసినా ఆస్పత్రి నిన్ను వదల్లేదే!" అన్నాను. అందరూ గొల్లున నవ్వారు. ఆ నవ్వు నాకు తెగ నచ్చింది, సిగ్గులేని వెధవని. మా మీటర్ల లెక్కలో ఐదారు ఉంటే మంచిది, పది దాటితే చక్కెర ఎక్కువైనట్టు. అంకె పది దాటిందంటే షార్కో దుప్పటి కప్పుకుని పడుకుని సన్నగా మూలిగేలా ఆ వారమే రాసిపారేశాను. ఆ మూలుగు కోసం నిజం కుక్కపిల్లల గొంతులు ఎన్ని విన్నానో లెక్కలేదు. వింటే పరుగెత్తుకెళ్ళి ఎత్తుకోవాలనిపించేదాన్ని ఏరి మరీ పెట్టాను.

ముందుగా వాడి చూడటానికి నలభై మందిని తీసుకున్నాం. అందులో మా మేనత్త దెసాంక ఒకరు. నేనే బతిమాలి చేర్చాను. బజారులో పురపాలక సంఘం కాటా దగ్గర ముప్ఫై ఏళ్ళు తూకం వేసిన మనిషి. మిరపకాయల బస్తా అరకిలో తగ్గితే తగ్గిందనే రాసేది. ఆ బస్తా సొంత తమ్ముడిదైనా, అంటే మా నాన్నదైనా, అంతే. అప్పటికే ఆమె ఎడమ కాలి వేళ్ళ మధ్య చిన్న పుండు ఉంది. చక్కెర అదుపులో ఉంటే మానుతుందని, లేకపోతే కాలు దక్కించుకోవడం కష్టమని డాక్టరు మొహం మీదే చెప్పింది.

డిసెంబరులో మా ఇంటి సెయింట్ నికోలా పండుగ. వచ్చేపోయేవాళ్ళతో కూర్చుని తినకపోతే మర్యాద కాదని అత్త పట్టుదల. గోధుమ ప్రసాదం, అక్రోటు కేకు, మళ్ళీ కేకు. మర్నాడు ఫోను చేసింది.

"ఒరే, నీ కుక్కకి ఏమైందిరా? లేవట్లేదు."

"ఎంతొచ్చింది అత్తా?"

"పద్నాలుగు. అది సర్లే. వీడు మూలుగుతున్నాడురా! కళ్ళు మాత్రం బయటపెట్టి చూస్తున్నాడు. నేను కేకు తింటే వీడికి జ్వరమేంట్రా, పాపం!"

"నీ అంకె తగ్గిస్తే లేస్తాడులే" అన్నాను. మెట్ల మీదకి పిల్లిని కూడా రానివ్వని మా అత్త ఇలా అంటోందని ఆఫీసంతా చెప్పి నవ్వించాను. నెవెన ఒక్కతే నవ్వలేదు.

ఆ తర్వాత అత్త అంకెలు దిగాయి. ఆరు, ఐదున్నర, ఆరు. డెబ్బై రోజులు వరుసగా అంతే. మా కంపెనీ పెద్దాయన ఆ గీతను గోడ మీద పెద్దగా వేసి చూపించి, మందు చెయ్యని పని కుక్క చేసిందన్నాడు. నేను కాలరెగరేసుకుని తిరిగాను. డాక్టరు ఆ అంకెలే నమ్మి ఇన్సులిన్ పెంచలేదు. నొప్పి లేదు కదా అని అత్త కూడా కాలు పట్టించుకోలేదు. ఆ జబ్బులో నొప్పి తెలియదు. ఆ మధ్యలో నేను రెండుసార్లు ఆమె ఇంటికి వెళ్ళాను. వెళ్ళినప్పుడల్లా ఫోను చూశాను. కాలు చూడలేదు.

మార్చి మొదట్లో అత్తను ఆస్పత్రిలో చేర్చారు. పక్క వాటాలో ఉండే రిటైరైన పోస్ట్‌మ్యాన్ స్తొయాదిన్ తీసుకెళ్ళాడట. నేను పరుగెత్తుకెళ్ళేసరికి ఆపరేషన్ గది బయట బెంచీ మీద ఆయన తల వంచుకుని కూర్చున్నాడు.

"అంకెలన్నీ బాగున్నాయి కదా, బాబాయ్! ఇదెలా?"

ఆయన రెండు చేతులూ చాచాడు. ప్రతి వేలి కొసనా సూది పొడుపులు.

"ఆ అంకెలు నావిరా."

"నీవా?" అన్నాను.

"రోజూ పొద్దున్నే తలుపు కొట్టి కాఫీకి రమ్మనేది. తాగాక, 'వేలిటివ్వు, మన పిల్లాడు మూలుగుతాడు' అనేది. నేనెందుకు మధ్యలో, ఏదో ఆరని నొక్కెయ్యరాదా అన్నాను. కొట్టినంత పని చేసింది! తూచని అంకె ఇంతవరకూ ఒక్కటి రాయలేదు, ఇప్పుడు రాస్తానా అంది."

"నువ్వెలా ఇచ్చావు?"

"చుక్క రక్తం. పక్కింటావిడ అడిగితే లేదంటానా?" ఆయన చేతులు ఒళ్ళోకి లాక్కున్నాడు. "ఆటేమో అనుకున్నానురా. అది డాక్టరు చూస్తుందని నాకేం తెలుసు?"

ఆయనకి తెలియదు. నాకు తెలుసు. పొద్దున లేచిన దగ్గర్నుంచీ నేను చేసే పనే అది, నాకు తెలియకేం!

ఎడమ పాదం సగం తీసేశారు. మడమ దక్కింది. నెవెనకి ఫోను చేసి అంతా చెప్పాను. నేను చెప్తూనే ఉన్నానని దెప్పుతుందేమో అనుకున్నాను, దెప్పినా బాగుండేది. "ఆ మూలుగు ఇవాళే తీసెయ్" అని మాత్రం అంది. ఆస్పత్రి వరండాలో కూర్చుని తీసేశాను. నాలుగు నిమిషాలు పట్టింది.

మూడో రోజు డాక్టరు ఒక కాగితంతో అత్త మంచం దగ్గరికి వచ్చింది.

"తప్పు అంకెలు ఎలా వచ్చాయో రాయాలి, దెసాంక గారూ. ఈ యాప్ ఏమైనా మీచేత అలా చేయించిందా?"

నేను నోరు తెరిచాను. అత్త నాకంటే ముందే అందుకుంది.

"అయ్యో, దానిదేం తప్పు లేదమ్మా! మావాడు చేసిందే అది, బంగారంలా చేశాడు. నాదే, ముసలి బుర్ర. ఎలా వాడాలో అర్థం కాలేదు. అదే రాసెయ్యండి."

డాక్టరు నా వైపు తిరిగింది. "మీరేమంటారు?"

ఏమనాలో నాకు బాగా తెలుసు. నెవెన చెప్పిందీ, నేను వెక్కిరించిందీ నాలుక చివరే ఉన్నాయి. మిగతా ముప్ఫైతొమ్మిది మందిలో ఎవరెవరు ఎవరి వేళ్ళు అరువు తెచ్చుకుంటున్నారో అన్నదీ ఉంది. ఉద్యోగం కళ్ళముందు తిరిగింది, కోర్టు తిరిగింది.

"ఆవిడ చెప్పినట్టే" అన్నాను.

అత్త కళ్ళజోడు పెట్టుకుని, డాక్టరు రాసింది ఒకటికి రెండుసార్లు చదివి, కింద సంతకం పెట్టింది.

అప్పుడు నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఎంత బిగబట్టినా ఆగలేదు. అత్త కంగారుపడి, లేవలేక లేచి, నా చెంప పట్టుకుంది.

"ఊరుకోరా, వెధవా. నువ్విలా ఉంటే నాకు ముద్ద దిగుతుందా? ఏదీ, ఒక్కసారి నవ్వు."

నవ్వాను. ఆమె ముఖం తేటపడింది. సూపు గిన్నె దగ్గరికి లాక్కుని తినడం మొదలుపెట్టింది. డాక్టరు కాగితం తీసుకుని వెళ్ళిపోయింది.