దుప్పటి వద్దన్న పిల్ల

చర్చి సంఘ పెద్దలారా, క్యాంపు టీచర్లారా, పిచ్చుక కంటి మీద కునుకు లేకుండా చేసింది మీరే. ముఖాలు పక్కకు తిప్పుకోకుండా వినండి.

పిచ్చుక అంటే ఆస్పత్రి లాండ్రీలో పనిచేసే ఆవిడ కూతురు. కొండ మీద జరిగే వేసవి క్యాంపుకు బస్సు ఇవాళ మధ్యాహ్నమే. పొద్దున్నే తల్లి మంచం మీద బ్యాగు తెరిచి సర్దడం మొదలుపెట్టింది. మడతలు పెట్టడంలో ఆమె చేతికి తిరుగులేదు. ఎంత పెద్ద దుప్పటైనా ఇటుకంత అయిపోతుంది. అలా మడిచి అడుగున పెట్టి, సబ్బు తెచ్చేసరికి దుప్పటి మంచం మీద ఉంది. మళ్ళీ పెట్టి తువ్వాలు కోసం వెళ్ళింది. మళ్ళీ బయటే ఉంది, ఈసారి దిండు కూడా.

"దానికి కాళ్ళొచ్చాయేమో చూడవే అమ్మాయ్," అంది గుమ్మంలో కూర్చున్న అత్తగారు.

తల్లి నవ్వబోయి, కూతురి ముఖం చూసి ఆగిపోయింది.

"కొండ మీద చలేస్తుంది కదే?"

"వెయ్యాలి. చలేస్తే నిద్ర రాదు."

"నిద్ర రాకపోతే ఎలాగే?"

పిచ్చుక బ్యాగు జిప్పు తెరిచింది, మూసింది. తర్వాత చెప్పింది. పోయినేడు క్యాంపులో గొలుసు ప్రార్థన పెట్టారు. రాత్రంతా పిల్లలు ఒకరి తర్వాత ఒకరు మేలుకుని రోగుల కోసం దేవుణ్ణి అడగాలి. జబ్బుతో ఉన్న తమ్ముడి కోసం అడిగే వంతు తనది. దుప్పటి కప్పుకుని మోకరించింది. వెచ్చగా ఉంది. కునుకు పట్టేసింది. తెల్లారాక టీచరు అందరి ముందూ నిలబెట్టి, ఏసు ప్రార్థిస్తుంటే తోటలో నిద్రపోయిన శిష్యుల సంగతి చెప్పి, గొలుసు నీ దగ్గరే తెగిందన్నాడు. వానాకాలంలో తమ్ముడు పోయాడు.

"నేను నిద్రపోబట్టే కదమ్మా."

"ఎవరన్నారే ఆ మాట? వాడికి రక్తంలో జబ్బు. నయం కాదని డాక్టరు ముందే చెప్పేశాడు."

"మరి నాకు చెప్పలేదేం?"

వాడు పోయినప్పుడు తల్లి, చిన్నపిల్ల కదా అని, దేవుడు పిలుచుకున్నాడని చెప్పి ఊరుకుంది. ఓదార్చడానికి వచ్చిన మీరూ అదే అన్నారు. గట్టిగా అడిగితే ఇస్తాడని మీరు నేర్పిన పిల్లకు ఆ మాట ఎలా వినబడుతుందో ఒక్కరికీ తట్టలేదు.

"ఇప్పుడు చెప్తున్నాగా తల్లీ. నీ తప్పేం లేదు."

"నువ్వు అమ్మవి, అలాగే అంటావు. టీచర్ గారు అనలేదుగా."

"మరి మళ్ళీ అక్కడికే ఎందుకెళ్తానంటున్నావే?"

"కూరగాయలాయన కూతురికి బాగోలేదుగా. ఆ పిల్ల కోసం ప్రార్థించే వంతు నేనే అడిగి తీసుకుంటా. ఈసారి నిద్రపోను. ఇంట్లో రాత్రుళ్ళు మేలుకుని అలవాటు చేసుకుంటున్నా."

అత్తగారు లేచి వచ్చి పిల్లను ఒళ్ళోకి లాక్కుంది. పిల్ల కర్రలా బిగుసుకుపోయింది. పిల్ల కళ్ళ కింద నలుపు ఎండకు వచ్చిందనుకుంది తల్లి ఇన్నాళ్ళూ. చెప్పులేసుకుని, బ్యాగు అక్కడే వదిలేసి, పిల్ల చెయ్యి పట్టుకుని చర్చికి బయలుదేరింది.

ఇప్పుడు ఆమె మీ బస్సుకు అడ్డంగా నిలబడి ఉంది. పిల్లల్ని రాత్రంతా మేలుకోబెట్టే ఆ ప్రార్థన ఇవాళే ఎత్తెయ్యండి. అందరి ముందూ అన్న టీచరు అందరి ముందే ఆ పిల్ల ఎత్తుకు వంగి, నీ నిద్ర వల్ల నీ తమ్ముడు చావలేదని తన నోటితో చెప్పాలి. ఇంజను ఆపించి, ఆ టీచర్ని కిందికి దింపండి.