మాత్రల డబ్బాలో చాక్లెట్

నేను ఒక నల్ల చాక్లెట్ పలకను. నా అట్ట మీద ఎర్రటి గుండె బొమ్మ అచ్చేసినవాళ్లారా, ముందు మీ సంగతి తేలాలి. ఏ ధైర్యంతో వేశారు? ఎవరి నాడి పట్టి చూసి వేశారు? మీ బొమ్మను నమ్మి ఒక మనిషి మాత్రలు మానేసింది.

నా పుట్టుక ఏలూరు దగ్గర కొబ్బరితోటల్లో. కోకో చెట్లు అక్కడ కొబ్బరి నీడనే పెరుగుతాయి. ఆడకూలీలు గొంతుకూర్చుని కర్రతో కాయలు పగలగొట్టి, గుజ్జు గింజల్ని అరిటాకుల కింద ఆరు రోజులు మాగబెట్టి, ఎండబోశారు. ఆ చేతుల్లో నూకరత్నం చేతులూ ఉన్నాయి, మాత్రలు మానేసింది ఆమే. తర్వాత లారీ, ఫ్యాక్టరీ. వేయించారు, నూరారు, పంచదార కలిపి అచ్చులో పోశారు. గింజలో మంచి లేదనను, ఉంది. రక్తనాళాల్ని కాస్త సడలిస్తుంది. మాగినప్పుడు కొంత పోయింది, వేగినప్పుడు ఇంకొంత. మిగిలినదానితో బీపీ అంకె ఒకటో రెండో దిగితే అదే గొప్ప. ఆ ముక్క అట్ట మీద రాయలేదు. బొమ్మకే చోటు సరిపోయింది మరి!

గింజలు కొనే కంపెనీవాళ్లు తోటలో షామియానా వేసి మీటింగు పెట్టారు. కోటేసుకున్న ఒకాయన కూలీలకు తలో పలకా పంచాడు. "తినండమ్మా, ఇక మందులతో పనిలేదు, బీపీ దానంతటదే దిగుతుంది" అన్నాడు. చప్పట్లు కొట్టించుకుని కారెక్కాడు.

నూకరత్నానికి బీపీ మాత్ర వేసుకుంటే పాదాలు వాస్తున్నాయి. వాచిన కాళ్లతో గొంతుకూర్చుంటే లేవలేదు. లేవలేకపోతే మేస్త్రి మర్నాడు పనికి పిలవడు. అందుకే మాత్రల్ని డబ్బా అడుగుకి తోసి, పైన నన్ను పెట్టింది. ఇన్నేళ్లు కాయలు కొట్టినా చాక్లెట్ రుచి తెలియని మనిషి. మొదటి ముక్కకే మొహం ముడుచుకుంది. "చేదుగా ఉందే చంటమ్మా, మందే ఇది!" అని పక్కింటామెకి గొప్పగా చెప్పింది.

రోజుకో ముక్క. నేను తరుగుతున్నాను. అడుగున మాత్రలు తరగడం లేదు.

నిన్న ఆశా వర్కర్ బేబీరాణి వచ్చి డబ్బా తెరిచింది.

"ఏంటక్కా ఇది? బిళ్లలన్నీ ఇలాగే ఉన్నాయి?"

"అవేసుకుంటే కాళ్లు గుమ్మడికాయల్లా పొంగిపోతన్నాయే. కాయలు నువ్వొచ్చి కొడతావా?"

"డాక్టరుగారికి చెబితే బిళ్ల మారుస్తారు గదా! మానేయడమేంటి?"

"కోటుబాబు చెప్పాడు. నీకంటే చదూకున్నోడు."

"ఆ కోటుకి బీపీ చూడ్డం వచ్చా? చాక్లెట్టు తింటే తిను, లేదంటే గుప్పెడు వేరుశనగ్గుళ్లు తిను, జాంకాయ తిను. ఉప్పుచేప తగ్గించు. బిళ్ల మాత్రం మానకు, నీకు దణ్ణం పెడతా."

మిషను పెట్టి చూసింది. పైది నూట తొంభై. బేబీరాణి మొహంలో రంగు పోయింది. ఆసుపత్రికి ఇప్పుడే పదమంది. "రేపు కాయ కొట్టుడుంది, సోమవారం వస్తాలే" అంది నూకరత్నం. బేబీరాణి బతిమాలి చేతిలో పెట్టిన మాత్రను, ఆవిడ వీధి మలుపు తిరగ్గానే మళ్లీ డబ్బాలో వేసేసింది.

ఈ పొద్దున టీ గ్లాసు ఆమె కుడిచేతిలోంచి జారింది. తీయబోయి అలాగే ఒరిగిపోయింది. మూతి ఒక పక్కకి లాగేసింది. ఏదో అంటోంది, అది మాటలా లేదు. చంటమ్మ పరిగెత్తుకొచ్చింది. "అయ్యో వదినా, బీపీ ఎక్కినట్టుందే!" అంటూ డబ్బాలోంచి నన్నే తీసింది. ముక్క విరుస్తోంది.

వద్దు చంటమ్మా! ఆ నోట్లో నన్ను పెట్టకు. ఆమెకి మింగుడు పడదు, నేను ఊపిరికి అడ్డం పడతాను. చెయ్యి పడిపోయింది, మూతి వంకరపోయింది, ఇది పక్షవాతం. నీళ్లు కూడా పొయ్యకు. పక్కకి తిప్పి పడుకోబెట్టు. ఎన్నింటికి పడిందో గుర్తుపెట్టుకుని డాక్టరుకి చెప్పు. గుమ్మంలో నిలబడి చూస్తున్నవాళ్లారా, ఏం చూస్తారు? ఆ కోటాయన్ని రేపు నిలదీద్దాం, సాక్ష్యం నేనే చెబుతాను. పోయే ప్రతి నిమిషం ఆమె చేతినీ మాటనీ పట్టుకుపోతోంది. నూట ఎనిమిదికి ఫోన్ కొట్టండి. ఇప్పుడే కొట్టండి!