పొగ పరీక్షలో తప్పిన ఇంటి బండి

మా అమ్మాయి కొన్న ఇంటి బండి పొగ పరీక్షలో తప్పింది. పరీక్ష చేసే అతను వెనక గొట్టంలో ఒక కడ్డీ దూర్చి ఆక్సిలరేటరు తొక్కమన్నాడు. అంతే, ఇటుకల బట్టీ అంటుకున్నట్టు నల్లటి పొగ. మా వెనక వరసలో ఉన్న కార్లవాళ్లు గబగబా అద్దాలెక్కించుకున్నారు. నేను మాత్రం మనసులో అమ్మయ్య అనుకున్నాను. కన్నతల్లి అలా అనుకోవచ్చా అంటే, అనుకున్నాను మరి.

కొండల్లో కడుతున్న వంతెన దగ్గర అమ్మాయికి ఇంజనీరుగా ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. అక్కడ ఆడవాళ్లకు గదుల్లేవు, బస మీరే చూసుకోండి అని కాగితంలో రాశారు. అందుకని మాకు మాటమాత్రమైనా చెప్పకుండా ఈ బండి కొనేసింది. లోపల మంచం, గ్యాసు పొయ్యి, జానెడు సింకు, మడత బల్ల అన్నీ ఉన్నాయి. వయసులో మాత్రం మా అమ్మాయికంటే రెండేళ్లు పెద్దది. "నువ్వు దాన్ని అక్కా అని పిలవాలే" అన్నారు మావారు అమ్మాయితో.

శనివారం మళ్లీ పరీక్ష. అందులోనూ తప్పితే బండి రోడ్డెక్కకూడదు. బండి లేకపోతే ఉద్యోగం లేదు.

ఆ బండిని తలచుకుంటేనే నాకు ముద్ద దిగడం లేదు. బ్రేకులు పడవేమో, గ్యాసు లీకవుతుందేమో, నిలబెట్టిన చోట కొండరాయి దొర్లుతుందేమో. అమ్మాయి నా భయాలకు నెంబర్లు వేసి పెట్టుకుంది. నేను నోరు తెరిస్తే చాలు, "అది పదకొండోది, నిన్ననే చెప్పావు" అంటుంది.

బండిని వీధి చివరి షెడ్డులో పెట్టాం. మెకానిక్కు పెద్దాయన, నిదానస్తుడు. ఆయిలు మార్చాడు, డీజిలు చిమ్మే నాజిళ్లు విప్పి కడిగాడు. సైకిలు తప్ప మరో బండి ఎరగని మావారు నడుము మీద చేతులు పెట్టుకుని పక్కనే నిలబడ్డారు.

"స్పార్కు ప్లగ్గులు చూశారా?"

"డీజిలు బండికి అవి ఉండవు సార్."

"అందుకే అడిగాను."

గురువారం సాయంత్రానికీ పొగ తగ్గలేదు. మెకానిక్కు చేతులు తుడుచుకుంటూ అమ్మాయితో అన్నాడు. "దీనికి ఊపిరాడట్లేదమ్మా. గాలి చాలకపోతే డీజిలు సరిగ్గా కాలదు, మసై వస్తుంది. గాలి వడకట్టే ఫిల్టరు చూస్తే కొత్తది. కొన్నరోజు పొగ లేదంటున్నావు. ఇక డీజిలు పంపు విప్పాల్సిందే. వారం పడుతుంది."

అమ్మాయి బండి మెట్టు మీద కూర్చుని ఫోను తీసింది.

"గాలి ఏ దారిన పోతుంది బాబూ?" అన్నాను.

ఆయన అప్పుడే అందుకున్న టీ గ్లాసుతోనే హెడ్‌లైటు పక్కనున్న గొట్టం మూతి చూపించాడు. ఆ మూతి నాకు తెలిసిందే.

కాపురానికి వచ్చిన కొత్తలో మా స్నానాల గది తూములోంచి తేలు వచ్చింది. ఆనాటి నుంచి నా ఇంట్లో కన్నమంటూ కనిపిస్తే గుడ్డ కుక్కాల్సిందే. బండి వచ్చిన రోజు కూడా దాని చుట్టూ తిరిగి ఆ పనే చేశాను. పిల్ల ఒక్కతే పడుకునే చోటు. ఎలుకో తేలో దూరితే ఎవరు దిక్కు?

ఆయన టీ తాగినంతసేపూ నేను నోరు మెదపలేదు. చెప్పకపోతే పిల్ల నా కళ్లెదుటే ఉంటుంది. అది ఫోనులో, "సార్, సోమవారం చేరడం గురించి..." అని గొంతు సవరించుకుంది. నాలుగేళ్లు చదివి, మరో మూడేళ్లు ఎదురుచూసిన ఉద్యోగం. పోనీ మానుకుని ఊరుకునే రకమా? బండి లేకపోతే గుడారంలో ఉంటానంటుంది. గుడారానికి తలుపైనా ఉండదు.

"ఆ గొట్టంలో ఒకసారి చెయ్యి పెట్టి చూడు బాబూ" అన్నాను.

ఆయన వేళ్లు పెట్టి లాగాడు. లాగినకొద్దీ వచ్చింది, పువ్వుల దిండు గలీబు. దాన్ని రెండు వేళ్లతో పైకెత్తి, "ఇది కంపెనీవాళ్లు పెట్టింది కాదు" అన్నాడు.

"మాది" అన్నారు మావారు. "పోయిందని నన్ను తిట్టింది కూడా."

అమ్మాయి "మళ్లీ చేస్తాను సార్" అని ఫోను పెట్టేసింది. "ఇంకా ఎన్ని మూశావమ్మా?"

"ఇంకో మూడే."

"బండి అడుగున ఉన్న కన్నమా? గ్యాసు లీకైతే బయటికి పోవడానికి పెట్టింది?"

"దాంట్లోంచే కదే పాములొచ్చేది."

మెకానిక్కు పక్కనున్న టైరు మీద కూలబడ్డాడు.

"నన్ను పంపడం ఇష్టం లేక చేశావా?" అంది అమ్మాయి.

"కుక్కినప్పుడు కాదు తల్లీ. ఇందాక ఆయన టీ తాగినంతసేపు మాత్రం, నోరు మూసుకుందామనుకున్నాను."

అది గలీబు తీసుకుని నా చేతిలో పెట్టింది. "అయితే శనివారం ఆక్సిలరేటరు నువ్వే తొక్కాలి" అంది.

మిగతా గుడ్డలు మెకానిక్కే తీశాడు. కన్నాలకు సన్నటి ఇనుప జల్లెడ బిగించి, "దీనికి గాలి ఆడుతుంది, పాము దూరదు, మీ గుడ్డా దూరదు" అన్నాడు నాతో.

శనివారం డ్రైవరు సీట్లో నన్ను కూర్చోబెట్టారు. గేరు తీసే ఉందా అని మూడుసార్లు అడిగాను. చెప్పు విప్పి, వేడి పెనాన్ని తాకినట్టు పెడలు మీద కాలు పెట్టాను.

"ఇంకా తొక్కండమ్మా. ఇలాగైతే పరీక్షే జరగదు" అన్నాడు పరీక్ష చేసే అతను.

అద్దంలో చూశాను. అమ్మాయి సరిగ్గా గొట్టం పక్కనే నిలబడింది, ముక్కుకు చెయ్యైనా అడ్డం పెట్టుకోలేదు. అడుగంటా తొక్కాను. బండి ఊగిపోయింది, నేనూ ఊగిపోయాను. అమ్మాయి మొహం మీదికి పొగ రాలేదు. యంత్రంలో అంకె చూసి అది మావారి భుజం పట్టుకుని గట్టిగా కుదిపింది.

పరీక్ష చేసే అతను నా కిటికీ దగ్గరికి వచ్చి రెండుసార్లు తలుపు తట్టాడు.

"పాసైందమ్మా. ఇక కాలు తియ్యండి."