ఖాళీ పరీక్ష

ఎడమ చేత్తో దీపం తీగ పీకి, కుడి చేతిని స్విచ్చి మీదే ఉంచి, మీటరమ్మ మీటరు ముల్లు వంక చూసింది. బ్యాటరీ పన్నెండు వోల్టులను ఇరవై నాలుగుకు పెంచే బోర్డులవి. మెట్ల దారుల్లో అత్యవసర దీపాలకు బిగిస్తారు. దీపం ఉన్నంతసేపూ ముల్లు ఇరవై నాలుగు మీద బుద్ధిగా నిలబడింది. తీయగానే ముప్పై దాటింది, ముప్పై అయిదు దాటింది. ఆమె టక్కున స్విచ్చి ఆపేసింది.

పొద్దుట్నుంచి ఇది నాలుగోది.

ముప్పై ఏళ్లుగా ఆమెది అదే బల్ల. పొట్టి మనిషి, వేళ్ల కొసలు కాయలు కాశాయి, ఎడమ కనుబొమ్మను తెల్లటి మచ్చ రెండుగా చీల్చింది. చేరిన కొత్తలో ఇలాగే దీపం లేకుండా ఖాళీగా నడిచిన బోర్డు మీద, కరెంటు నిలవ చేసే కెపాసిటరు పేలి, దాని మూత తగిలింది. అప్పట్నుంచి ప్రతి రకం బోర్డునూ దీపంతో ఒకసారి, లేకుండా ఒకసారి చూస్తుంది.

ఇంజనీరు వచ్చాడు. సాయంత్రానికి రెండు వందల బోర్డులు బండెక్కాలి.

"దీపం లేకుండా ఎవరు వేస్తారు మీటరమ్మా? చాదస్తం కాకపోతే!"

"దీపం మాడిపోతే లేనట్టే కదా బాబూ. బోర్డుకి ఆ సంగతి తెలీదు, కరెంటు తోస్తూనే ఉంటుంది. వాడుకునేది లేక అంతా కెపాసిటరు నెత్తిన పడుతుంది."

"ఏం చెయ్యమంటారు మరి?"

"బయటికెళ్లే రెండు కొసల మధ్య ఓ రెసిస్టరు వేయించండి. దీపం లేకపోయినా అది కాస్త కరెంటు తాగుతుంటుంది."

"రెండు వందలకా? ఈ పూటకా?"

"అయితే నా సంతకం లేకుండా పంపుకోండి."

అలాంటి మాట ఆమె ఎవరితోనూ అని ఎరగదు. పెన్ను మూత పెట్టి పక్కన పెట్టేసింది.

ఇంజనీరు తనే ఒక బోర్డు తీసుకుని దీపం పీకి చూశాడు. ముల్లు లేచింది. సోల్డరింగు వాళ్లను కేకేశాడు.

ఆ రోజు భోజనాలు మూడు దాటాయి.

"మీటరమ్మ పుణ్యమా అని ఆకలంటే ఏంటో తెలిసింది," అంది ప్యాకింగావిడ.

"మా అక్క వంట తిని చూడు, ఆకలే నయమంటావు," అంది మీటరమ్మ.

అయిదున్నరకు చివరి బోర్డు. దీపం తీసింది. ముల్లు కాస్త ఊగి, ఇరవై నాలుగు దగ్గర ఆగింది. సంతకం పెట్టి, బల్ల మీద మోచేతులు ఆన్చి కళ్లు మూసుకుంది.

ఖాళీగా నడిచేటప్పుడు బోర్డు సన్నగా టిక్కుటిక్కుమంటుంది. అది వింటోందనుకుని ప్యాకింగావిడ చప్పుడు కాకుండా పెట్టెలు కట్టింది. ఆరింటికి పిలిచింది. భుజం తట్టింది. ఊపిరి లేదు.

కబురందుకుని అక్క వచ్చి ఆమెను పేరు పెట్టి రెండుసార్లు పిలిచింది. అక్కడున్న వాళ్లెవరూ ఆ పేరు అంతకుముందు విని ఉండలేదు.

మర్నాడు బల్ల మీద ఆమె కళ్లజోడు అలాగే ఉంది. విరిగిన కాడకు సన్నటి రాగి తీగ, చుట్టు మీద చుట్టు పడకుండా చుట్టి ఉంది.