మీసం మీద పొర

ఆర్మూర్ మార్కెట్లో పసుపు అడ్తి, అంటే కమీషన్ దుకాణం, నడిపే గంగాకిషన్ మీసం సంగతి ముందే చెప్పాలి. దాని ఒక కొన పెర్కిట్ వైపు, ఇంకో కొన మామిడిపల్లి వైపు చూసేది. ఎండాకాలం ఇద్దరు హమాలీలు దాని నీడలో కూర్చుని బీడీ తాగేవారు. మూడోవాణ్ణి నేనే. నమ్మనివాళ్లు నమ్మకండి, దానివల్ల నీడేమీ తగ్గదు.

రెండు వేల ఏడులో గంగాకిషన్ మా ఊరి హైస్కూలుకు కంప్యూటర్లు ఇప్పించాడు. గది ఊడ్చి తుడవడానికి తన అడ్తిలో పసుపు చెరిగే పోచవ్వను తోలాడు. ప్రారంభం నాడు అందరూ ఫొటో దిగుతుంటే పోచవ్వ తలుపు దగ్గరే ఆగిపోయింది. ఆమె బిడ్డ దీప తొమ్మిదో తరగతి. బిడ్డ కంప్యూటర్ ముందు కూర్చుంటే ఏ తల్లి కదులుతుంది? కొంగు నుంచి కాలిగోళ్ల దాకా పసుపు దుమ్ముతోనే ఫొటోలో పడింది.

సీజన్ మొదలయ్యేసరికి మార్కెట్ గేటుకు పెద్ద ఫ్లెక్సీ కట్టాలని, అందులో ఆ ఫొటోనే ఉండాలని గంగాకిషన్‌కు ముచ్చట పుట్టింది. బళ్లో కంప్యూటర్ సారు అప్పుడు ఫొటోషాప్ నేర్పుతున్నాడు. చెయ్యి తిరిగింది దీపకే. గంగాకిషన్ వచ్చి ఆమె వెనక నిలబడి తెర మీద వేలు పెట్టాడు.

"గీ దిష్టిబొమ్మ ఎవలే? తీసెయ్."

"గామె మా అవ్వ, సేటూ."

"గట్లనా! అయితే ఇంక సాఫ్‌గ తీస్తవ్. తెలిసిన మొఖమే గదా."

క్లాసంతా నవ్వింది. సారు కూడా నవ్వి, "కానియ్ దీపా" అన్నాడు. పక్కనున్న గోడ రంగు ఎత్తి మనిషి మీద ముద్రలు గుద్దుతూ పోవాలి, అదీ పద్ధతి. దీప ముందు కాళ్లు తీసింది, తర్వాత కొంగు, ఆఖరికి మొఖం. కళ్ల దగ్గర మాత్రం చాలాసేపు ఆగింది. తలుపు మిగిలింది, తల్లి లేదు.

ఆ పిల్ల ఏడవలేదు. ఏడిస్తే గంగాకిషన్ బతికిపోయేవాడు.

మిగతా పిల్లలు పేర్లకు రంగులు దిద్దుతుంటే దీప సేటు చెంప తోలు ఎత్తి, దానితో మీసం మొత్తం కప్పేసింది. అయితే ఆ తోలును వేరే పొర మీద పెట్టింది. పొర పక్కన కన్ను గుర్తు ఉంటుంది. కన్ను మూస్తే పొర కనబడదు, తెరిస్తే కనబడుతుంది. సారు చూసినప్పుడు కన్ను మూసి ఉంచింది. ఆయన మెచ్చుకుని అటు తిరగ్గానే కన్ను తెరిచి సీడీలోకి ఎక్కించింది. సీడీ అచ్చుకు నిజామాబాద్ పోయింది.

మా దిక్కు తండ్రి పోతేనే కొడుకు మీసం తీస్తాడు. గేటు మీద బోడి మూతితో, నిలువెత్తు గంగాకిషన్ నవ్వుతుంటే ఊరికి వేరే కబురు కావాలా? పొద్దు ఇంత ఎక్కేసరికి దొంకేశ్వర్ నుంచి ట్రాక్టర్ నిండా చుట్టాలు ఏడ్చుకుంటూ దిగారు. గంగాకిషన్ తండ్రి దేవిదాస్ అడ్తి గద్దె మీద కూర్చుని జొన్నరొట్టె తింటున్నాడు. ఒక ముసలమ్మ ఆయన మోకాళ్లే పట్టుకుని, "మా దేవిదాసన్న పోయిండంట గదా" అని ఆయనకే చెప్పి ఏడ్చింది.

"ఎప్పుడు?" అన్నాడు దేవిదాస్, రొట్టె కింద పెట్టి.

గంగాకిషన్ ఉరికొచ్చి మీసం మెలేసి చూపించాడు. "పాపం, దుఃఖంల పెట్టుడు మీసం పెట్టుకున్నడు" అని ఇంకా ఏడ్చారు. ఒకాయన లాగి కూడా చూశాడు.

దేవిదాస్ దీపను, సారును అడ్తికి పిలిపించాడు.

"ఎందుకు జేసినవ్ బిడ్డా? నన్నెందుకు సంపినవ్?"

"మీమీద నాకేం పగ లేదు తాతా. సేటు మా అవ్వను దిష్టిబొమ్మ అన్నడు. నాతోనే తీపిచ్చిండు. గప్పుడు అందరు నవ్విండ్రు."

"ఇప్పుడేమంటవ్?"

"కొత్త ఫొటో కావాలె. సేటు మా అవ్వ పని జేసే కాడికి వచ్చి, పక్కన నిలబడాలె."

"కూలిదాని పక్కన నేనా!" అని గంగాకిషన్ లేచాడు.

"నిలబడురా," అన్నాడు దేవిదాస్. "లేకుంటే నేను బతికుండంగనే నీ మీసం గీకిస్త. మంగలిని పిలువుమంటవా?"

మర్నాడు మిట్టమధ్యాహ్నం గంగాకిషన్ తెల్ల బట్టలతో కుప్పల దగ్గరికి వచ్చాడు. సారు కెమెరా పట్టుకున్నాడు. పోచవ్వ చాట దించలేదు.

"అవ్వా, సేటు వచ్చిండు," అంది దీప.

"సూసిన. పని ఒడువనియ్, అయిపోయినంక దిగుదం."

చాట లేచినప్పుడల్లా దుమ్ము లేచి సేటు మీదే వాలింది. చొక్కా పచ్చబడింది, మీసం కూడా పచ్చబడింది. ఈలోగా మెండోర నుంచి ఇంకో బండి చుట్టాలు దిగి, ఆయన మెడ మీద పడి ఏడవడం మొదలుపెట్టారు.

పోచవ్వ ఆ కుప్ప అయిపోగొట్టి, కొంగుతో చెమట తుడుచుకుని, ఇంకో కుప్ప ముందుకు జరుపుకుంది.