నా వెనక ఎడమ కాలు

నేను ఒక వాకర్‌ని. కాళ్ళు నాలుగున్నాయి గానీ ఎవరైనా ఎత్తి ముందుకు వేస్తే తప్ప ఒక్క అడుగు కదల్లేను. నన్ను ఇంటికి తెచ్చుకున్న రోజే, ఇది ఎప్పుడు పోతుందిరా దేవుడా అని మొక్కుకుంటారు మనుషులు. మిగతా సామాన్లకైతే పసుపూ కుంకుమా పెట్టి ముచ్చట పడతారు. నన్ను మాత్రం చుట్టాలొస్తే తలుపు వెనక్కి తోసేస్తారు. మొదట్లో మనసు చివుక్కుమనేది. తర్వాత అలవాటైపోయింది.

నేను ఏ ఊళ్ళో పుట్టానో తెలియదు. రేకుల షెడ్డూ, రంపం కోతా, అల్యూమినియం గొట్టాన్ని వంచిన ఒక గట్టి చెయ్యీ గుర్తున్నాయి. నా కాళ్ళు గొట్టంలో గొట్టం. బుడిపె నొక్కితే లోపలిది జరుగుతుంది, మనిషి ఎత్తుకు సరిపోతుంది. అడుగున నాలుగు రబ్బరు బూట్లు. లోపలంతా బోలు. ఈ బోలు సంగతి గుర్తుంచుకోండి, నా కథంతా అందులోనే ఉంది.

నా మొదటి యజమానురాలు ఒక పెద్దావిడ. అన్నవరం కొండకు మొక్కు తీర్చుకోడానికి నన్ను పట్టుకుని వెళ్ళింది. తిరుగుప్రయాణంలో నన్ను బస్సులోనే మర్చిపోయి తునిలో దిగిపోయింది. సాయంత్రం బస్సు ఊడుస్తుంటే నేను దొరికాను. డిపో అంతా పగలబడి నవ్వింది. "వాకర్ మర్చిపోయిన మనిషి ఎలా దిగుంటాదిరా?" అన్నాడు మెకానిక్ లోవరాజు. దేవుడి మహిమ అన్నారు కొందరు. చేతిలో ప్రసాదం పొట్లాలు ఎక్కువైపోయాయని నాకు తెలుసు. ఆవిడ నా కోసం ఎప్పుడూ రాలేదు. ఎవరూ అడగని గొడుగుల మధ్య, టిఫిన్ క్యారియర్ల మధ్య రెండేళ్ళు పడున్నాను.

ఆ బస్సు నడిపింది పైల వరహాలు. యాభై రెండేళ్ళ మనిషి, ఇరవయ్యారేళ్ళుగా స్టీరింగ్ పట్టినవాడు. ఎడమ తుంటి కీలు అరిగిపోయి కాకినాడలో ఆపరేషన్ చేసి కొత్త కీలు వేశారు. నాలుగో రోజు ఇంటికి పంపేముందు డాక్టరు గారు ఒక మాట చెప్పారు. "ఆపరేషన్ అయిన నలభై రెండో రోజు రండి. దేన్నీ పట్టుకోకుండా ఎడమకాలి మీద నిలబడి పది లెక్కపెట్టేదాకా ఆగాలి. ఆగితే బండి నడిపే సంగతి ఆలోచిద్దాం. ఆగలేకపోతే డిపో ఆఫీసులో కూర్చునే పని అడుక్కోండి."

ఎడమకాలంటే క్లచ్ కాలు. కూర్చునే పనంటే వరహాలుకి బతికుండగానే ఫోటోకి దండ వేసినట్టు. అలా లోవరాజు నన్ను దుమ్ము దులిపి వాళ్ళింటికి తెచ్చాడు.

కొత్త కీలు నొప్పి పెట్టలేదు. ఏడిపించింది దాని చుట్టూ ఉన్న కండ. తొడ పక్కన, పిరుదు కింద, ఒక్కోసారి మోకాలి దాకా లాగేది. కోసి కుట్టిన కండ కదా, ఊరికే ఉంటుందా? వ్యాయామం నేర్పడానికి రోజు విడిచి రోజు స్కూటీ మీద వచ్చే ఫిజియో అమ్మాయి రజియా మొదటి రోజే చెప్పింది. "ఈ తెల్ల మాత్ర పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. వేసుకున్న అరగంటకి వ్యాయామం. అయ్యాక గుడ్డలో ఐసు చుట్టి పెట్టండి బాబాయ్ గారూ. నొప్పి తగ్గితేనే కండ కదులుతుంది, కదిలితేనే బలం వస్తుంది."

"అలాగేనమ్మా" అన్నాడు వరహాలు. ఎంత బుద్ధిగా అన్నాడో!

ఆయన భార్య నూకరత్నం వేళకి మాత్ర విప్పి అరచేతిలో పెట్టేది, గ్లాసుతో నీళ్ళిచ్చేది. మిగతా మాత్రలన్నీ ఆయన నిజంగానే మింగేవాడు. ఆ తెల్లది మాత్రం చెంపలో దాచి నీళ్ళు తాగేవాడు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళగానే మంచం మీద కూర్చునే నన్ను ఒళ్ళోకి లాక్కుని తలకిందులు చేసి, వెనక ఎడమ కాలి రబ్బరు బూటు పీకి, మాత్ర లోపల పడేసి బూటు మళ్ళీ తొడిగేవాడు. మూడో రోజుకి నేను గలగలమన్నాను. బండిలో ఎక్కడ చప్పుడొచ్చినా ఓర్వలేని మనిషి కదా, అద్దం తుడిచే పసుపు గుడ్డ ముక్క చింపి లోపల కుక్కాడు. దాంతో నా నోరు నొక్కేసినట్టయింది.

ఎందుకిలా చేస్తున్నాడో ఒకసారి లోవరాజుతో ఫోన్లో అంటుంటే విన్నాను. "ఇంజన్లో చప్పుడొత్తంటే చెవులో దూది పెట్టుకుంటే బండి బాగయిపోద్దేటి మావా? నొప్పంటే చప్పుడే. అది వినపడకపోతే ఎక్కడ పట్టేత్తందో నాకెలా తెలుత్తాది?" ఇరవయ్యారేళ్ళు ఇంజన్ చప్పుడు విని రోగం చెప్పిన మనిషి సొంత ఒంటికి కూడా అదే వైద్యం చేసుకుంటున్నాడు. తెలివైనవాళ్ళు చేసే తప్పులు ఇలాగే ఉంటాయి, విన్నవాడు కాదనలేడు.

రోజులు గడిచేకొద్దీ నాకు భయం పట్టుకుంది. నొప్పికి జడిసి వ్యాయామం సగంలో ఆపేసేవాడు. రజియా ముందు పళ్ళు బిగబట్టి చేసి, ఆమె గేటు దాటగానే దుప్పటి నోట్లో కుక్కుకునేవాడు. కదలని కండ ఇంకా బిగుసుకునేది, బిగిసిన కండ ఇంకా నొప్పెట్టేది. నా పిడుల మీద ఆయన చేతుల బరువు రోజురోజుకీ తగ్గాలి. పెరుగుతోంది. ఆ లెక్క నాకొక్కదానికే తెలుసు. చెప్పడానికి నోరు లేదు, ఉన్న చప్పుడుకి గుడ్డ కుక్కారు.

రజియా నుదురు చిట్లించేది. "మాత్రలు వేసుకుంటున్నారు కదా బాబాయ్ గారూ? మూడో వారం నడుస్తోంది, కండ ఇంత గట్టిగా ఉండకూడదే."

"ఏసుకుంటన్నానమ్మా. మీ పిన్ని చేత్తోనే ఇత్తాది, అడుగు."

నూకరత్నం అవునని తలూపింది. పాపం, ఆవిడకి తెలిసిన నిజం అంతే. నాకు ఆయన మీద కోపం వచ్చింది అక్కడే.

ఇంకొక ప్రమాదం కూడా ముదురుతోంది. రోజుకి రెండుసార్లు పీకి తొడగడంతో నా వెనక ఎడమ బూటు వదులైపోయింది. గచ్చు మీద అడుగు పడినప్పుడల్లా లోపల జారుతోంది. ఆయన గమనించలేదు. ఎదుటి బండికి చక్రం వంకర తిరిగితే అరమైలు దూరం నుంచి కనిపెట్టే కళ్ళు!

ఇరవై మూడో రోజు పొద్దున్న నూకరత్నం పెరట్లో బట్టలు ఉతుకుతోంది. వరహాలు కిటికీ పక్కన నన్ను నిలబెట్టుకున్నాడు. కాసేపు వీధిలోకి చూశాడు. దూరంగా బస్సు హారన్ వినిపించింది. అంతే, ఏమనుకున్నాడో ఏమో, ఎడమ పాదం ఎత్తి నా ముందువైపు కింది అడ్డకమ్మీ మీద పెట్టాడు. నెమ్మదిగా నొక్కాడు, వదిలాడు. క్లచ్! ఆయన మొహంలో చిన్నపిల్లాడి నవ్వొకటి వచ్చింది. మళ్ళీ నొక్కాడు, ఈసారి గట్టిగా.

కండ పట్టేసింది.

తొడ రాయిలా బిగుసుకుపోయింది. పాదం వెనక్కి తీసుకోలేడు, కింద పెట్టలేడు. ఒంటి బరువంతా నా ఎడమ పిడి మీద పడింది. నా వెనక ఎడమ కాలు ఆ బరువు మోసుకుంటూ వణికింది. బూటు జారుతోంది. ఆగవే, ఆగవే అని నాలో నేను మొత్తుకున్నాను. బూటు ఊడిపోయి గచ్చు మీద దొర్లింది. ఉత్త గొట్టం నున్నటి గచ్చు మీద కర్రుమని జారింది. నేను పక్కకి ఒరిగిపోతున్నాను, ఆయన నాతో పాటు ఒరుగుతున్నాడు. కొత్త కీలు పక్కకి పడితే ఏమవుతుందో రజియా చెప్పినప్పుడు నేనూ విన్నాను.

వరహాలు కుడిచేత్తో కిటికీ ఊచ అందుకున్నాడు. వేలాడుతున్నట్టు నిలబడిపోయాడు. అరవడానికి గొంతు రాలేదు. పెరట్లో బట్టలు బాదే చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఒకటి. ఇంకొకటి. ఆయన చెయ్యి చెమటకి జారుతోంది. నాకు చేతనైంది ఒక్కటే, పూర్తిగా పడిపోవడం. ఆయన పిడి వదిలేశాడు, నేను గచ్చు మీద పడ్డాను. ఆ మోతకి పెరట్లో చప్పుడు ఆగింది.

తడి చేతులతో పరిగెత్తుకొచ్చిన నూకరత్నం ఆయన్ని నడుం పట్టుకుని మంచం మీదకి చేర్చింది. ఫోన్ చేస్తే పావుగంటలో రజియా వచ్చింది. రజియా రెండు మడమలూ పక్కపక్కన పెట్టి పొడవు చూసింది. పాదం పక్కకి తిరిగిందేమో చూసింది. తొడ మీద చెయ్యి వేసి నెమ్మదిగా నిమిరింది. "కీలుకేమీ కాలేదు. కండ పట్టేసిందంతే. భయపడిపోయి ఉంది" అంది.

అప్పుడు నూకరత్నం నన్ను లేవదీసింది. పసుపు గుడ్డ ఊడి కింద పడింది. దాని వెనకే తెల్ల మాత్రలు జలజలా గచ్చంతా పరుచుకున్నాయి.

ఆవిడ కింద కూర్చుని ఒక్కొక్కటీ ఏరింది. ముప్పై ఏడు కొంగులో పోసుకుంది. "పంతొమ్మిది రోజులు నా చేత్తో ఇచ్చానండి" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది. "నొప్పెలా ఉందంటే తగ్గిందన్నారు. మీరు మూలుగుతుంటే నిద్దట్లో కలవరింతలనుకున్నాను. నా చేత్తో ఇచ్చింది కూడా మింగలేకపోయారా?"

వరహాలు ఇంజన్ కథ మొదలుపెట్టాడు. సగంలో ఆగిపోయాడు. గోడ వైపు తిరిగి వేరే సంగతి చెప్పాడు. పదకొండేళ్ళ కిందట దగ్గు ఎక్కువైందని ఒక మూత మందు తాగి బండెక్కాడట. వంతెన మీద కళ్ళు మూతపడ్డాయి. ఎంతసేపో తెలియదు. కండక్టరు విజిల్ వేస్తే తెలివొచ్చింది, ఎదురుగా రెయిలింగ్. "ఎనకాల నలభై మంది, రత్నం. ఒకామె ఒళ్ళో పసిపిల్ల. అందరూ నిద్దరోతన్నారు, నన్ను నమ్మి. ఎవరికీ సెప్పలేదు. ఆరోజు నుంచీ నిద్దరొచ్చే మందంటే నాకు గొంతు దిగదు. ఆస్పత్రిలో సూశాను, ఈ తెల్లదేసుకుంటే మగతగా ఉంటాది. వంతెనే కనపడతాది."

ఈ మాట విన్నాక నా కోపం పోయింది.

రజియా మంచం అంచున కూర్చుంది. "ఇప్పుడు మీ వెనకాల నలభై మంది లేరు బాబాయ్ గారూ. ఇది మంచం. నిద్రొస్తే పడుకోండి. మళ్ళీ బండెక్కే వేళకి ఈ మాత్ర అవసరమే ఉండదు."

"నలభై మంది లేరు గానీ నేనున్నాను" అంది నూకరత్నం. మాత్ర ఒకటి విప్పి ఆయన అరచేతిలో పెట్టి, ఆయన నోరు తెరిచి చూపించేదాకా కదల్లేదు. తర్వాత వేళ్ళు మడిచి లెక్క చూసింది. "పంతొమ్మిది రోజులు పోయాయి. పంతొమ్మిది మిగిలున్నాయి."

ఆ పంతొమ్మిది రోజులూ ఎలా గడిచాయో చెప్పలేను. మాత్ర, అరగంట నిరీక్షణ, వ్యాయామం, ఐసు. నొప్పి పోలేదు, లొంగింది. నూకరత్నం కొంగు బిగించి కండక్టరైపోయింది. ఆయన అడుగెత్తితే "రైట్ రైట్" అనేది, చాలనుకుంటే "హోల్డాన్" అనేది. నాకు కొత్త బూటు తొడిగారు. ఒంటికాలి మీద మొదటిరోజు రెండు లెక్కకే ఆయన నా మీద వాలిపోయాడు. తర్వాత నాలుగు, ఆరు. ఏడు దగ్గర ఆగిపోయాం. నలభై ఒకటో రోజు సాయంత్రం కూడా ఏడే.

నలభై రెండో రోజు కాకినాడ. డాక్టరు గారు నన్ను జరిపి చేతికందని దూరంలో పెట్టారు. ఆయన నిలబడి ఉండగా అంత దూరం నుంచి చూడడం నాకదే మొదలు.

వరహాలు కుడికాలు ఎత్తాడు. డాక్టరు గారు లెక్క మొదలుపెట్టారు. నాలుగు దాకా రాయిలా ఉన్నాడు. ఆరుకి చీలమండ అటూఇటూ ఊగింది. ఏడు. తొడ కండ లుంగీ కింద వణకడం కనపడుతోంది. ఎనిమిది. పెదవి కొరుక్కున్నాడు. చెయ్యి నా వైపు లేచింది, గాల్లో ఆగింది, పిడికిలి బిగుసుకుంది. నూకరత్నం గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. తొమ్మిది. పది.

"చాలు, దించండి" అన్నారు డాక్టరు గారు.

ఆయన దించలేదు. ఒళ్ళంతా చెమట, చూపు మాత్రం భార్య మీద. డాక్టరు గారికి అర్థం కాలేదు. నూకరత్నం కళ్ళు తెరిచింది. "హోల్డాన్" అంది.

అప్పుడు దించాడు. అప్పుడే ఏడ్చాడు కూడా.

ఆ తర్వాత మరో నాలుగు నెలలు పట్టింది స్టీరింగ్ చేతికి రావడానికి. డ్యూటీ ఎక్కే రోజు పొద్దున్న వరహాలు నన్ను వాకిట్లోకి తెచ్చి, పసుపు గుడ్డతో తుడిచి, పిడులకి కుంకుమ బొట్లు పెట్టి, నాలుగు బూట్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించాడు. దసరాకి బస్సుకి చేసే మర్యాద అది. నా జన్మలో నాకు బొట్టు పెట్టింది ఆయనొక్కడే.

ఇప్పుడు నేను లోవరాజు ఇంట్లో ఉన్నాను. వర్క్‌షాపు గుంటలో జారిపడ్డాడు, కుడి తుంటికి ఆపరేషన్. నన్ను దింపి వెళ్ళడానికి వచ్చింది వరహాలే. లోవరాజు మెకానిక్ కదా, అలవాటుగా నన్ను ఊపి చూశాడు. వెనక ఎడమ కాలి గొట్టాల మధ్య ఇరుక్కుని మిగిలిపోయిన ముప్పై ఎనిమిదో మాత్ర టిక్కుమంది.

"ఏదో లూజుందిరా. స్క్రూడ్రైవర్ అందుకో, ఇప్పేద్దాం."

"ఇప్పకు మావా" అన్నాడు వరహాలు. పక్కన కూర్చుని, అదేమిటో, అక్కడికెలా వచ్చిందో మొదటినుంచి చెప్పాడు. వంతెన సంగతి కూడా దాచలేదు.

ఆ సాయంత్రం లోవరాజుకి భార్య తెల్ల మాత్ర ఇచ్చింది. దాన్ని అరచేతిలో అటూఇటూ దొర్లిస్తూ చాలాసేపు చూశాడు. తర్వాత చెయ్యి చాచి నన్ను మెల్లగా ఊపాడు. టిక్కుమన్నాను. లోవరాజు మాత్ర నోట్లో వేసుకుని మంచినీళ్ళడిగాడు.